ఆమోదంతో వాడుకునే మనిషి

"సార్ పేరు చెప్పండి మేడం" అన్నాడు బల్ల అవతలి అబ్బాయి, రసీదు పుస్తకం ముందుకు లాక్కుంటూ.

2022 మార్చి. హైదరాబాదులో పాత కార్లు అమ్మే ఒక షోరూం. అంతకు పది నిమిషాల ముందే నా బాంకు ఖాతాలోంచి 3,40,000 రూపాయలు వాళ్ళ ఖాతాలోకి వెళ్ళాయి. డబ్బు వెళ్ళినట్టు వచ్చిన మెసేజి నా ఫోన్లోనే ఉంది. కారు నాకోసం. నడిపేది నేను. అయినా ఆ అబ్బాయి అడిగింది సార్ పేరు. "ఆర్‌సీ, ఇన్సూరెన్సు అన్నీ సార్ పేరు మీద ఉంటే మీకే ఈజీ మేడం" అని కూడా అన్నాడు. నా సహచరుడు నావైపు చూశాడు. నేను తలూపాను. చీకటి పడకముందే హనుమకొండ చేరాలి, ఈ పేరు దగ్గర ఇప్పుడు గొడవెందుకు అనుకున్నాను.

ఇరవై ఏళ్ళుగా క్లాసులో స్త్రీల సాహిత్యం చెబుతున్న మనిషిని. ఆస్తిలో, ఇంటిపేరులో, రచనలో స్త్రీ పేరు ఎలా చెరిగిపోతుందో వ్యాసాలు రాసిన మనిషిని. నా పేరు చెరిగిపోతుంటే తలూపాను. ఈ సంగతి ముందే చెప్పకుండా మిగతాది చెప్పడం న్యాయం కాదు.

నేను పనిచేసేది ములుగులో. హనుమకొండ నుంచి యాభై కిలోమీటర్ల దూరం. ఏళ్ళ తరబడి బస్సుల్లోనే తిరిగాను. పొద్దున వెళ్ళడం కష్టమేమీ కాదు. సాయంత్రం ఏదైనా మీటింగు పడి ఆలస్యమైతే, బస్టాండులో ఒంటరిగా నిలబడి వచ్చే ప్రతి బస్సు బోర్డూ చదువుకుంటూ ఉండడం యాభైకి దగ్గరపడుతున్న మోకాళ్ళకి కష్టమైంది. డ్రైవింగు నేర్చుకున్నాను. లైసెన్సు తీసుకున్నాను. చిట్టీ ఎత్తి, దానికి నా పొదుపు కలిపి పాత కారు కొనుక్కోవాలనుకున్నాను. కొత్తది కొనే స్తోమత లేక మాత్రమే కాదు. నేర్చుకుంటున్న చేతికి ఎక్కడైనా గీత పడినా బాధ ఉండదని.

షోరూంలో నేను చెప్పిన మొదటి మాట కూడా అదే. "రోజూ వంద కిలోమీటర్లు తిరగాలి. నేనొక్కదాన్నే వెళ్తాను. దారిలో ఆగిపోకూడదు." ఆ అబ్బాయి విన్నాడు. జవాబు మాత్రం నా సహచరుడికి చెప్పాడు. "సార్, ఇంజను సూపర్ కండిషన్. 38,000 తిరిగింది. ఒకే ఓనరు." మైలేజీ గురించి నేను అడిగితే ఆయనకి చెప్పాడు. టైర్ల గురించి నేను అడిగితే ఆయనకి చెప్పాడు. పాపం ఆయనకి కార్ల గురించి తెలిసింది నాకంటే తక్కువ. ఆయన స్కూటరు మనిషి.

తలుపు తీసి కూర్చోగానే నాకు వాసన వచ్చింది. వానాకాలంలో అరిగోనె సంచిలో ముక్కిపోయిన బియ్యం వాసన లాంటిది. తడి ఆరని పరుపు వాసన లాంటిది. బట్టలు మడతపెట్టినవాళ్ళకి, డబ్బాలు కడిగి ఎండబెట్టినవాళ్ళకి ఆ వాసన తెలుస్తుంది. "ఇదేంటి, ఇలా వాసనొస్తోంది?" అన్నాను. "నిన్ననే లోపల పాలిష్ చేయించాం మేడం, రెండు రోజుల్లో పోతుంది" అన్నాడు ఆ అబ్బాయి, ఈసారి నాతోనే. "నీకన్నీ వాసనలే" అని నవ్వాడు నా సహచరుడు. నేనూ నవ్వేశాను.

మూడు నెలలు కారు బాగానే నడిచింది. జూలైలో వానలు పట్టుకున్నాయి. ఒక సాయంత్రం మల్లంపల్లి దాటాక ముందు డాష్‌బోర్డు మీద లైట్లన్నీ ఒక్కసారి వెలిగి ఆరిపోయాయి. వైపర్లు ఆగిపోయాయి. ఇంజను ఆగిపోయింది. తలుపుల తాళాలు వాటంతట అవే పడ్డాయి. అద్దాలు దిగలేదు. బయట వాన, లోపల అదే ముక్కిన వాసన. ఫోన్ పనిచేసింది కాబట్టి సరిపోయింది. గంటన్నర తర్వాత ఒక ట్రాక్టరు అబ్బాయి సాయంతో రోడ్డు పక్కకి చేరాను.

మా వీధి మెకానిక్‌ని నేను అన్నా అని పిలుస్తాను. కారుని ఆయన షెడ్డుకి లాక్కొచ్చారు. ఆయన ఇంజను దగ్గరికి పోనేలేదు. డ్రైవరు సీటు బెల్టు పట్టుకుని చివరిదాకా బయటికి లాగాడు. మామూలుగా మనం వాడేంత బెల్టు శుభ్రంగా ఉంది. లోపల చుట్టుకుని ఉండే భాగం మీద మాత్రం అడ్డంగా మట్టి చార. దాని కింది భాగమంతా బురద రంగు.

"మేడం, ఈ బండి నీళ్ళల్ల మునిగింది. ఇగో, నీళ్ళు ఈడిదాంక వచ్చినయ్. సీట్లు మార్చిన్రు, కార్పెట్ మార్చిన్రు. బెల్టు ఎవలు గుంజి సూస్తరని ఇడిచిపెట్టిన్రు."

తర్వాత సీట్ల కింద పట్టాలకి పట్టిన తుప్పు చూపించాడు. వైర్లు కలిసే చోట పచ్చగా పేరుకున్న చిలుము చూపించాడు. "మీకు వాసన రాలేదా మేడం?" అన్నాడు. నేను జవాబు చెప్పలేకపోయాను.

2020 అక్టోబరు 13, 14 తేదీల్లో హైదరాబాదుని ముంచెత్తిన వానలు అందరికీ గుర్తే. కాలనీలకు కాలనీలు మునిగాయి. మునిగిన కార్లలో బాగుచేయడం గిట్టుబాటు కానివాటిని ఇన్సూరెన్సు కంపెనీలు పూర్తి నష్టం కింద లెక్కగట్టి యజమానికి డబ్బిచ్చేస్తాయి. ఆ బండ్లు వేలంలో తుక్కు ధరకి అమ్ముడవుతాయి. తుక్కుగా విడదీస్తే తప్పు లేదు. కడిగి, పూత పూసి, ఏమీ చెప్పకుండా మళ్ళీ రోడ్డెక్కిస్తేనే మోసం. నేను కొన్నది అలాంటి బండే.

షోరూంకి ఫోన్ చేశాను. "సార్‌తో మాట్లాడతాం మేడం, బండి సార్ పేరు మీద ఉంది కదా" అన్నారు. సార్ మాట్లాడితే రసీదు వెనక్కి తిప్పి చదవమన్నారు. వెనక చిన్న అక్షరాల్లో, ఇంగ్లీషులో, బండిని ఉన్నది ఉన్నట్టుగా, చూసుకుని, తృప్తిపడి కొన్నట్టు రాసి ఉంది. కింద ఆయన సంతకం.

నా దగ్గర డిగ్రీ చదువుకున్న ఒక అమ్మాయి ఇప్పుడు వరంగల్‌లో వకీలు. కాగితాలన్నీ పట్టుకుని ఆమె దగ్గరికి వెళ్ళాను. ఆరోజు ఆమె టీచరు, నేను విద్యార్థిని.

మన దేశంలో సరుకుల అమ్మకానికి మూలమైన చట్టం 1930 నాటిది. ఇంగ్లండులో 1893లో చేసిన చట్టాన్ని చూసి రాసుకున్నది. కొనేవాడే జాగ్రత్తపడాలి అనేది దాని పునాది. 16వ సెక్షన్ మొదలే సరుకు నాణ్యతకి అమ్మినవాడి పూచీ ఏమీ ఉండదని చెబుతుంది. ఆ తర్వాత మినహాయింపులు. కొనేవాళ్ళు తమ అవసరం ఏమిటో చెప్పి, అమ్మేవాడి నైపుణ్యాన్ని నమ్మి కొంటే ఆ అవసరానికి సరుకు పనికి రావాలి. ఆ రకం సరుకు వ్యాపారం చేసేవాడి దగ్గర, వాడిచ్చిన వర్ణనని బట్టి కొంటే అది అమ్మకానికి తగినదిగా ఉండాలి. పాత కారు కొత్త కారులా ఉండాలని చట్టం అనదు. దాని వయసుకీ ధరకీ తగ్గట్టు నడవాలని అంటుంది. ఇవి రెండూ నాకు పనికొచ్చేవే. కానీ రెండో మినహాయింపుకి ఒక తోక ఉంది. కొనేవాళ్ళు సరుకుని పరీక్షించి ఉంటే, ఆ పరీక్షలో బయటపడాల్సిన లోపాలకి పూచీ ఉండదు.

'కొనేవాడు' అని రాస్తూ ఆగిపోయాను. చట్టం మాటల్ని తెలుగులో చెప్పుకునేటప్పుడు మనకి ముందుగా వచ్చే ప్రత్యయం అదే. 1930 నాటికి ఈ దేశంలో హిందూ వితంతువుకి భర్త ఆస్తిలో వాటా ఇచ్చిన 1937 చట్టం కూడా ఇంకా రాలేదు. బానెట్ ఎత్తి చూడగలిగేవాడు, నలుగురిని అడిగి తెలుసుకోగలిగేవాడు, బేరం ఆడగలిగేవాడు ఒకడు ఉన్నాడని ఊహించుకుని, జాగ్రత్త బరువు వాడి నెత్తిన పెట్టారు. అలా చూడడం ఎవరికి నేర్పించారు, ఎవరికి నేర్పించలేదు అన్న ప్రశ్న ఆ ఊహలో లేదు.

ఈ బరువుని కొంత దించింది వినియోగదారుల రక్షణ చట్టం. మొదటిది 1986లో వచ్చింది. దాని స్థానంలో 2019లో చేసిన చట్టం 2020 జూలై 20 నుంచి అమల్లోకి వచ్చింది. పాత సరుకైనా సరే, వ్యాపారి అమ్మితే ఈ చట్టం కిందికి వస్తుంది. బిల్లు ఇవ్వకపోవడం, లోపమున్న సరుకుని వెనక్కి తీసుకోననడం అన్యాయపు వ్యాపార పద్ధతులు. రసీదులో గడువేమీ రాయకపోతే ముప్పై రోజుల్లో వెనక్కి తీసుకుని డబ్బివ్వాలి. అంతకుముందు అవతలివాళ్ళున్న చోటికో, లావాదేవీ జరిగిన చోటికో వెళ్ళి కేసు వేయాల్సి వచ్చేది. ఇప్పుడు మనం నివసించే చోట, పనిచేసే చోట కూడా వేయొచ్చు. కేసు కోసం హైదరాబాదుకి తిరగనక్కర్లేదని తెలిశాక నాకు ధైర్యమొచ్చింది. సరుకుకి మనం చెల్లించిన ధర 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. వకీలు లేకుండా మనమే వాదించుకోవచ్చు. గడువు రెండేళ్ళు. అయితే ఇదంతా వ్యాపారి దగ్గర కొంటేనే. పక్కింటాయన తన సొంత కారుని మనకి అమ్మితే ఆయన వ్యాపారి కాదు కాబట్టి సివిల్ కోర్టుకి పోవాల్సిందే.

"అంతా బాగానే ఉంది మేడం. ఒక్కటే చిక్కు" అంది మా వకీలు అమ్మాయి. "రసీదులో మీరు లేరు."

చట్టం నిర్వచనం చదివి వినిపించింది. వినియోగదారు అంటే డబ్బిచ్చి సరుకు కొన్న వ్యక్తి. అలా కొన్న వ్యక్తి ఆమోదంతో ఆ సరుకుని వాడుకునే వ్యక్తి కూడా. "డబ్బు మీరే ఇచ్చారని బాంకు స్టేట్‌మెంటు ఉంది. వాదించొచ్చు. కానీ వాళ్ళు మొదటి అభ్యంతరం అదే పెడతారు. దాని మీదే ఏడాది గడిచిపోతుంది. సార్‌ని మొదటి ఫిర్యాదిగా పెడదాం. మీరు రెండో ఫిర్యాది. సార్ ఆమోదంతో వాడుకుంటున్న మనిషి."

నిజానికి అది మంచి నిబంధనే. 1986 చట్టంలోనూ ఉంది. భర్త పేరు మీద కొన్న కుక్కర్ పేలి భార్య చెయ్యి కాలితే ఆమె కేసు వేయగలగడానికే ఆ మాట అక్కడుంది. ఆ మాట లేకపోతే వంటింట్లో పేలేవాటికి ఎందరు ఆడవాళ్ళు బిల్లు చూపించగలరు? అన్నీ అర్థమయ్యాయి. అయినా నా చిట్టీ డబ్బుతో కొన్న కారుని ఆయన ఆమోదంతో వాడుకుంటున్నట్టు ఫిర్యాదులో చదివి కింద సంతకం పెట్టిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ మాట రాసింది మా వకీలు అమ్మాయి కాదు. మార్చిలో ఆ బల్ల ముందు నేను తలూపినప్పుడే అది రాసి ఉంది.

అంతకంటే పెద్ద చిక్కు అఫిడవిట్ దగ్గర వచ్చింది. ఇలాంటి కేసుల్లో సాక్ష్యం ఎక్కువగా ప్రమాణపత్రాల మీద, కాగితాల మీద నడుస్తుంది. జరిగింది జరిగినట్టు రాసి పట్టుకెళ్ళాను. ఆ అమ్మాయి చదివి, వాసన సంగతి ఉన్న పేరా దగ్గర పెన్సిలుతో గీత గీసింది.

"ఇది తీసేద్దాం మేడం. వాసన వచ్చిందని మీరే చెబితే, లోపం మీ పరీక్షలో బయటపడినట్టే, తెలిసే కొన్నారు అంటారు."

చట్టం తోక ఇక్కడ నాకు చుట్టుకుంది. తెలియదని చెబితే గెలవొచ్చు. తెలిసిందని చెబితే ఓడిపోవచ్చు. ఏమీ తెలియని ఆడమనిషి కార్ల వ్యాపారి చేతిలో మోసపోయిందంటే ఎవరైనా నమ్ముతారు. ఆ కథ అందరికీ అలవాటైనదే. కానీ అది నిజం కాదు. ఆ షోరూంలో బండి మునిగిందని పసిగట్టిన ముక్కు నా ఒక్కదానిదే. ఆ తెలివిని ఆరోజు ఒకరు పాలిష్ అని, ఇంకొకరు నవ్వి తీసేశారు. ఇప్పుడు నేనే ప్రమాణం చేసి తీసేయాలా?

రెండు రోజులు ఆలోచించాను. తీయనని చెప్పాను. కానీ కేవలం పట్టుదలతో చెబితే కేసు పోతుంది కదా. ఇద్దరం కూర్చుని ఆ పేరాని పూర్తిచేశాం. నాకు వాసన వచ్చింది. నేను అడిగాను. పాలిష్ అని జవాబు చెప్పారు. ఆ జవాబుని నమ్మి కొన్నాను. ఇలా చూస్తే వాసన నా అజాగ్రత్తకి సాక్ష్యం కాదు, వాళ్ళ అబద్ధానికి సాక్ష్యం. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో 17వ సెక్షన్ ఉంది. తెలిసిన నిజాన్ని కావాలని కప్పిపెట్టడం, అబద్ధమని తెలిసీ నిజమని నమ్మించడం దాని ప్రకారం మోసం. "నాకిది తట్టలేదు మేడం" అంది ఆ అమ్మాయి. నాకూ తట్టలేదు. పెన్సిలు గీత లేకపోతే నేనూ మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయేదాన్ని.

వాసన ఒక్కటీ సరిపోదు కదా. మిగతా ఆధారాలు ఒక్కొక్కటే చేరాయి. ఏ భాగాన్నీ మార్చకముందే అన్న ఫోటోలు తీయించాడు, తను చూసింది రాసి సంతకం పెట్టాడు. బాగుచేయించేస్తే సాక్ష్యం పోతుందని బండిని అలాగే ఉంచాం. కంపెనీ సర్వీసు సెంటరులో బండి నంబరు చెప్పి పాత సర్వీసుల చిట్టా తీసుకున్నాం. 2020 సెప్టెంబరులో చివరి సర్వీసు నాటికే బండి 41,000 కిలోమీటర్లు తిరిగి ఉంది. నాకు అమ్మినప్పుడు 38,000. మీటరు వెనక్కి తిప్పారన్నమాట. అబద్ధానికి అంతకంటే సులువైన సాక్ష్యం దొరకదు. కొనేముందు ఒక్క ఫోన్ చేసి ఉంటే ఈ చిట్టా అప్పుడే దొరికేది. పాత ఇన్సూరెన్సు క్లెయిము కాగితాలు మాకివ్వరు కాబట్టి, వాటిని తెప్పించమని కమిషన్‌ని అడిగాం. కమిషన్‌కి ఆ అధికారం ఉంది. ముందు రిజిస్టర్డు పోస్టులో నోటీసు పంపాం. జవాబు రాలేదు. 2022 నవంబరులో ఫిర్యాదు వేశాం.

అవతలివాళ్ళు జవాబు దాఖలు చేయడానికి 30 రోజులు, ఇంకో 15 రోజులు పొడిగింపు. ఆ 45 రోజులు దాటితే కుదరదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. మా వ్యాపారి సరిగ్గా 44వ రోజున దాఖలు చేశాడు. అందులో మొదటి వాక్యం, రెండో ఫిర్యాది మా దగ్గర ఏమీ కొనలేదు అని. తర్వాత రాతపూర్వకంగా కొన్ని ప్రశ్నలు పంపారు. మీకు వాహనాల సాంకేతిక పరిజ్ఞానం ఉందా? లేదు. మీ భర్త బండిని పరీక్షించారా? నడిపి చూడలేదు, చుట్టూ తిరిగి చూశారు. వాసన వచ్చినా ఎందుకు కొన్నారు? మీరు చెప్పిన మాట నమ్మి.

వాయిదాలు పడ్డాయి. పరీక్ష అక్కర్లేని కేసుని మూడు నెలల్లో, అవసరమైన కేసుని ఐదు నెలల్లో తేల్చే ప్రయత్నం చేయాలని చట్టంలో ఉంది. వాళ్ళు అడిగిన వాయిదాలతో మాది పద్నాలుగు నెలలు సాగింది. క్లెయిము కాగితాలు వచ్చాక మాత్రం వాళ్ళే రాజీకి వచ్చారు. కొత్త చట్టంలో ఇరుపక్షాలూ ఒప్పుకుంటే మధ్యవర్తిత్వానికి పంపే వీలుంది. 2024 జనవరిలో 3,10,000కి కుదిరింది. బండి వాళ్ళు తీసుకుపోవాలి, బదిలీ కాగితాలు వాళ్ళే పూర్తిచేయాలి. ఈ రెండో షరతు మీద మా వకీలు అమ్మాయి గట్టిగా నిలబడింది. బండి ఇచ్చేసినా రిజిస్ట్రేషను మారకపోతే ప్రమాదానికి బాధ్యత పాత పేరు మీదే ఉంటుందని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. నష్టపరిహారం అడిగి పోరాడితే వచ్చేదేమో. నాకు ఓపిక లేకపోయింది.

చెక్కు మొదటి ఫిర్యాది పేరు మీద వచ్చింది. ఆయన ఖాతాలో పడిన రోజు రాత్రే మొత్తం నాకు పంపించేశాడు. ఆయన మంచి మనిషి. ఆ విషయంలో నాకెప్పుడూ సందేహం లేదు. కానీ ఆ రాత్రి ఆలోచించాను. ఆయన పంపకపోయి ఉంటే? ఆమోదం ఇవ్వనని ఉంటే? విడిపోయిన ఆడమనిషైతే, భర్త పోయి వారసుల తగాదాలో ఉన్న ఆడమనిషైతే ఏం చేసేది? నా డబ్బు నాకు తిరిగొచ్చింది చట్టం వల్ల సగం, ఆయన మంచితనం వల్ల సగం. మంచితనాన్ని హక్కు అనుకోలేం కదా. ఈ మాట ఆయనతోనే అన్నాను. కాసేపు మాట్లాడలేదు. "ఆరోజు వాసనన్నప్పుడు నవ్వకుండా ఉండాల్సింది" అన్నాడు.

2023 ఏప్రిల్ 1 నుంచి పాత బండ్ల వ్యాపారులు రిజిస్ట్రేషను అధికారి దగ్గర అనుమతిపత్రం తీసుకోవాలన్న నిబంధన వచ్చింది. బండి చేతికిచ్చిన సంగతిని యజమాని ఆన్‌లైన్లో నమోదు చేస్తే, అమ్మేదాకా బాధ్యత వ్యాపారిది. పోయినసారి ఇలాంటిదేదీ లేదు. ఇప్పుడు నేను ముందుగా అడిగేది ఆ పత్రమే.

అవును, మళ్ళీ కొన్నాను. పాతదే. ఈసారి అన్నని వెంటబెట్టుకుని వెళ్ళాను. ఆయన ఇంజను చూశాడు. నేను ముందే సర్వీసు చిట్టా తెప్పించుకున్నాను. బండి ముంపుకి గురికాలేదని, మీటరు మార్చలేదని రసీదు మీదే రాయించాను. నాలుగు సీటు బెల్టులూ చివరిదాకా లాగి చూశాను. ఇన్సూరెన్సు నా పేరుకి మార్చమని పద్నాలుగు రోజుల్లోపే దరఖాస్తు పెట్టుకున్నాను. అమ్మే అబ్బాయి అలవాటుగా "సార్..." అనబోయి ఆగాడు. పక్కనున్నది సారో, మెకానికో తెలియలేదు పాపం.

బదిలీ ఫారంలో నా పేరు తర్వాత కొడుకు, భార్య, కూతురు అన్న మూడు మాటలున్నాయి. ఒకటి ఉంచి మిగతావి కొట్టేయాలి. మా నాన్న పేరు రాశాను. అదీ ఒక మగవాడి పేరే. కానీ కొన్నవారి పేరు ఉండాల్సిన చోట నా పేరు ఉంది. దానికి ఎవరి ఆమోదమూ అడగలేదు.

సంతకం పెట్టేముందు తలుపులన్నీ మూసి కాసేపు లోపల కూర్చున్నాను. అన్న బయట నిలబడి నవ్వకుండా ఎదురుచూశాడు. ఏ వాసనా రాలేదు.